నూట తొంభై మీటర్ల గోడ

మొదటిరోజు ఉదయం ఎనిమిది నుంచి పది దాకా ఆ గోడ పక్కనుంచి ఆరువందల నలభై మంది వెళ్లారు. ఆగినవాళ్లు ముగ్గురు. ఒకాయన చెప్పులో రాయి పడి ఆగాడు. ఒకమ్మాయి ఫోను మోగితే ఆగింది. మూడో ఆయన ఎందుకు ఆగాడో ఆయనకే తెలిసినట్టు లేదు. గోడవంక ఒకసారి చూసి, ఏదో తప్పు చేసినవాడిలా గబగబా వెళ్లిపోయాడు.

ఈ లెక్క రాసుకున్నావిడను ఆఫీసులో అందరూ లెక్కలక్క అంటారు. నగరపాలక సంస్థ వీధుల సర్వే విభాగంలో ఇరవై ఆరేళ్లుగా ఉద్యోగం. వయసు యాభై రెండు. ఏదో ఒక వీధిలో నిలబడి వచ్చేపోయే మనుషుల్ని లెక్కపెట్టడం ఆవిడ పని. ఎడమ గుప్పిట్లో ఇమిడే కౌంటర్ ఒకటి ఉంటుంది, మనిషి దాటినప్పుడల్లా బొటనవేలితో ఒక నొక్కు. నేలమీద ముప్పై మీటర్ల ఎడంతో సుద్దగీతలు రెండు గీస్తుంది. ప్రతి పదో మనిషి మొదటి గీత దాటగానే స్టాప్‌వాచ్ నొక్కి, రెండో గీత దాటగానే ఆపుతుంది. ఎవరైనా ఆగితే, ఎక్కడ ఆగారో వీధి పటం మీద చుక్క పెడుతుంది. అంతే.

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. "నేను రోజంతా జనాన్ని మోస్తాను, మా ఆవిడ నిలబడి లెక్కపెడుతుంది. ఇంటికొచ్చాక నడుం నొప్పి మాత్రం ఇద్దరికీ సమానమే" అంటాడు.

ఆ పనిలోంచి ఆవిడకు తెలిసిన సంగతులు వింటే కాస్త తల తిరుగుతుంది. ఇరుకు దుకాణాలు, నాలుగడుగులకో గుమ్మం ఉన్న సందులో మనిషి ముప్పై మీటర్లు నడవడానికి ముప్పై ఒక్క సెకన్లు తీసుకుంటాడు. అదే మనిషి మలుపు తిరిగి, ఒక బ్యాంకు ప్రహరీ పక్కకి రాగానే ఇరవై సెకన్లలో అంత దూరం దాటేస్తాడు. ఆకుపచ్చ సంచీ పట్టుకున్న ఒకాయన్ని ఆవిడ ఒకే ఉదయం రెండుచోట్లా చూసింది. సందులో ఆయన చేతులు ఊపుకుంటూ, తల అటూ ఇటూ తిప్పుకుంటూ, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా నడిచాడు. ప్రహరీ పక్కకి రాగానే భుజాలు పైకి లేచాయి, తల వంగింది, అడుగు పెద్దదైంది. వాన రావడం లేదు, ఎవరూ తరమడం లేదు. ఆయన్ని ఆపి అడిగితే, "నేనెప్పుడూ ఇలాగే నడుస్తానండీ" అన్నాడు. అందరూ అదే అంటారు. తలుపు ఓరగా తెరిచి ఉన్న ఇంటి ముందు మాట తగ్గించి నడుస్తారు. కిటికీలో వస్తువు సగమే కనిపిస్తుంటే నాలుగడుగుల ముందునుంచే మెల్లబడతారు. ఇవన్నీ చేస్తున్నట్టు ఒక్కరికీ తెలియదు. వీధి తమ కాళ్లు పట్టుకుని నడిపిస్తోందంటే నవ్వుతారు.

లెక్కలక్కకు మాత్రం నవ్వు రాదు. ఇరవై ఆరేళ్లయినా ఆవిడ గీత దగ్గర నిలబడి ఆశ్చర్యపోతూనే ఉంటుంది. రాళ్లూ సున్నమూ కలిసి ఇంతమంది కాళ్లకు ఒకేసారి ఒకే మాట ఎలా చెబుతాయో ఆవిడకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆ గోడ ఆవిడ ఇంటి వీధిలోదే. నాలుగేళ్ల కిందట అక్కడ ఇరవై రెండు చిన్న దుకాణాలు ఉండేవి. తాళాలు చేసేవాడు, గొడుగులు బాగుచేసేవాడు, ఇస్త్రీ, కళ్లజోళ్లు, ఫోటోలకు చట్రాలు, గడియారాలు. అన్నీ పడగొట్టి ఒక పెద్ద దుకాణం కట్టారు. దాని ముఖం అవతలి పెద్దరోడ్డు వైపు ఉంది, అద్దాలూ దీపాలూ అన్నీ అటే. ఈ వీధికి వచ్చింది వీపు. ఏడు మీటర్ల ఎత్తు, నూట తొంభై మీటర్ల పొడవు, బూడిదరంగు. ఒక్క తలుపు లేదు, ఒక్క కిటికీ లేదు. కనీసం ఒక గూడు, ఒక పగులు కూడా లేదు.

ఆ గోడ అంచున, వీధి మొదట్లో లెక్కలక్క ఇల్లు. గోడ దాటాక వీధి చివర లైబ్రరీ. లెక్కలక్కను పెంచిన పెద్దమ్మ వాళ్లతోనే ఉంటుంది. డెబ్బై నాలుగేళ్లు. దుకాణాలున్న రోజుల్లో రోజూ పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి, పేపర్లన్నీ తిరగేసి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. వస్తూ వస్తూ వీధిలోని కబుర్లన్నీ తెచ్చేది. కళ్లజోళ్లాయనకు కొత్త పళ్లు కట్టారు, గొడుగులాయన కూతురు సైకిలు నేర్చుకుంటోంది, ఇస్త్రీ అతను ఎవరిదో చొక్కా కాల్చాడు. గోడ వచ్చిన మూడు నెలలకు ఆవిడ వెళ్లడం తగ్గించింది. ఏడాదికి మానేసింది.

డాక్టరు మోకాళ్లు వంచి చూశాడు, గుండె విన్నాడు. "అంతా బానే ఉందండీ. నడిపించండి" అన్నాడు.

"ఎక్కడికి నడిపిస్తారు? లైబ్రరీ చాలా దూరం" అంది పెద్దమ్మ.

లెక్కలక్క ఉద్యోగపు మనిషి. టేపు తీసుకెళ్లి కొలిచి వచ్చింది. "పెద్దమ్మా, నూట తొంభై మీటర్లే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఒక్క అంగుళం పెరగలేదు."

"నీ టేపు నీ దగ్గరుంచుకోవే. నా కాళ్లకి తెలీదా?"

"కాళ్లకేం తెలుస్తుంది?"

"ఎందుకు తెలీదు! అప్పుడు ఇక్కణ్ణుంచి తాళాల వాడిదాకా ఒక నడక. అక్కణ్ణుంచి ఇస్త్రీ దాకా ఒకటి. ఇస్త్రీ నుంచి కళ్లజోళ్లు. అట్లా ఇరవై రెండు చిన్నచిన్న నడకలు. మధ్యలో ఎక్కడ ఆయాసం వచ్చినా ఒక గుమ్మం ఉండేది. ఇప్పుడు ఒకటే నడక. మొదలుపెట్టానంటే అయ్యేదాకా నడవాలి. నా వల్ల కాదు తల్లీ."

లెక్కలక్క ఆ రోజు బీరువాలోంచి పదకొండేళ్ల నాటి తన పాత నోట్‌బుక్ తీసింది. దుకాణాలున్నప్పుడు ఆ వీధిని లెక్కపెట్టింది తనే. ఉదయం రెండు గంటల్లో ఆగినవాళ్లు రెండువందల పద్నాలుగు మంది. పటం మీద చుక్కలు గుమ్మం గుమ్మానికీ గుంపుగా పడి ఉన్నాయి. ఇరవై రెండు గుంపులు. పెద్దమ్మ ఏ పటమూ చూడకుండా చెప్పిన లెక్క అదే.  తను కౌంటర్ నొక్కి నొక్కి పట్టుకున్న సంగతిని ఆ ముసలావిడ ఒట్టి కాళ్లతో పట్టుకుంది.

అలాంటి గోడ మీదకే ఆవిడకు డ్యూటీ పడింది. పెద్ద దుకాణానికి గోడ పూర్తిగా మూసి కట్టుకోవడానికి ఇచ్చిన అనుమతి నాలుగేళ్లకే. గడువు తీరిపోతోంది. దాన్ని శాశ్వతం చేయమని దుకాణం వాళ్లు అర్జీ పెట్టారు. సంస్థ నిబంధన సూటిగా ఉంది. వీధిలో వెళ్లేవాళ్లలో నూటికి ఇద్దరికంటే తక్కువమంది ఆగుతుంటే గోడ తెరిచి గుమ్మాలు పెట్టాలి. ఇద్దరికి మించి ఆగుతుంటే ఇబ్బంది లేనట్టే, గోడ అలాగే ఉంటుంది. పన్నెండు ఉదయాల లెక్క కావాలి.

"సార్, మా ఇల్లు ఆ వీధిలోనే. వేరేవాళ్లని వేయండి" అని సెక్షన్ ఇంజనీరుకు చెప్పింది. ఆయనకు ముప్పై ఆరేళ్లు, ఆవిడను అక్కా అని పిలుస్తాడు.

"వేరేవాళ్లెవరున్నారక్కా? ఒకరు సెలవులో ఉన్నారు, ఇంకొకాయనకి వెయ్యి దాటితే మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. మీ లెక్క మళ్లీ తీయించిన రోజు ఒక్కటైనా ఉందా ఈ ఆఫీసులో? మీరే వెళ్లండి."

నిజమే, లేదు. ఇరవై ఆరేళ్లలో ఆవిడ లెక్క రెండోసారి తీయించలేదు. ఆవిడ దాచుకున్న గొప్ప అదొక్కటే.

ఈ పనిలో మొదటి పాఠం, ఆవిడ చేరినప్పుడు పెద్ద గుమాస్తా నేర్పింది: లెక్కపెట్టే మనిషి వీధికి కనపడకూడదు. మామూలు వీధుల్లో అది కష్టం కాదు. ఏ గుమ్మంలోనో, ఏ స్తంభం వెనకో ఒదిగితే సరి. ఈ గోడ దగ్గర ఒదగడానికి ఏమీ లేదు. ఎదుటివైపు కూడా మురుగు కాలువ, దాని వెంట ఇనుప కంచె. లెక్కలక్క అటూ ఇటూ చూసి, గోడ మధ్యలో, తొంభై ఐదో మీటరు దగ్గర మడతస్టూలు వేసుకుని కూర్చుంది. పెద్దగా ఆలోచించలేదు. ఇన్నేళ్లలో ఎన్ని వీధుల్లో నిలబడినా తనను తలెత్తి చూసినవాడు లేడు. ఇక్కడ మాత్రం ఎవరు చూస్తారు?

రెండోరోజు ఆగినవాళ్లు ఇద్దరు. మూడోరోజు ఐదుగురు. అందులో ఒకావిడ టైమెంతయిందని అడిగింది. నాలుగోరోజు ఒకాయన, "ఏమ్మా, ఇక్కడ ఏమన్నా ఆఫీసు పెడుతున్నారా?" అన్నాడు. లేదంది. "మరి ఊరికే కూర్చున్నారా?" అన్నాడు. లెక్కపెడుతున్నానంది. "నన్ను పెట్టారా?" అని అడిగి, పెట్టానంటే సంతోషించి వెళ్లాడు. మర్నాడు అదే ఆయన స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. "వీణ్ణి కూడా వేసుకోండి. లావుగా ఉన్నాడని రెండుసార్లు వేసేరు సుమా."

లెక్కలక్క ముక్తసరిగానే మాట్లాడేది. కళ్లు గీతల మీదే, వేలు కౌంటర్ మీదే. అయినా రోజురోజుకీ చుక్కలు పెరిగాయి. ఆరోరోజుకి ఒక కుట్టుపనావిడ వచ్చి, బస్సుకి ఇంకా పది నిమిషాలుందని గోడకి ఆనుకుని నిలబడడం మొదలుపెట్టింది. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన రోజూ వచ్చి, ఆవిడ కూడికలు తలకిందులుగా చదివి, తప్పులేమీ లేవని నిట్టూర్చేవాడు. ఏడోరోజు ఎండ గట్టిగా ఉంది. తొమ్మిదిన్నరకు వీధి మొదట్లో ఒక నల్లగొడుగు కనిపించింది.

పెద్దమ్మ వస్తోంది.

లెక్కలక్క వేలు ఆగిపోయింది. ఆ రోజు ఇద్దరో ముగ్గురో లెక్కలోకి రాకుండా దాటిపోయి ఉంటారు. పెద్దమ్మ గోడవంక చూడలేదు. స్టూలు మీద కూర్చున్న మనిషినే చూస్తూ, ఆగకుండా తొంభై ఐదు మీటర్లు నడిచి వచ్చింది.

"మంచినీళ్ల సీసా మర్చిపోయావే" అంది, సీసా చేతికిస్తూ.

"దీనికోసం నువ్వు ఇంత దూరం వచ్చావా?"

"ఏం దూరం? నువ్వు ఇక్కడ కనపడుతున్నావుగా" అంది పెద్దమ్మ. కాసేపు స్టూలు మీద కూర్చుని, మాస్టారిని ఏ ఊరని అడిగి, లేచి గొడుగు వేసుకుంది. ఇంటివైపు తిరగలేదు. "ఎటూ సగం వచ్చాగా, పేపరు చూసొస్తా" అని లైబ్రరీకి వెళ్లింది. మూడేళ్ల తర్వాత.

మిగిలిన ఐదు రోజులూ పెద్దమ్మ వచ్చింది. పన్నెండోరోజు లెక్క: ఆగినవాళ్లు యాభై ఇద్దరు. మొత్తం పన్నెండు ఉదయాలకి ఏడువేల ఆరువందల ఎనభై మందికి రెండువందల అరవై నలుగురు. నూటికి మూడు దాటింది.

కాగితాలు ఆఫీసులో ఇచ్చింది. సెక్షన్ ఇంజనీరు కూడికలు చూసి, "అక్కా, గోడకి బతుకు రాసిపెట్టి ఉంది. నేను వేరేలా అనుకున్నాను. సరే, అంకె అంకే" అని నోట్ రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ, జతచేయడానికి చుక్కల పటాలు పన్నెండూ వరసగా బల్లమీద పరిచాడు.

అప్పుడు లెక్కలక్క చూసింది. రోజూ ఏ రోజు పటం ఆ రోజు మడతపెట్టి లోపల పెట్టేసింది కాబట్టి, ఒకచోట ఎప్పుడూ చూడలేదు. నూట తొంభై మీటర్ల గీత పొడుగునా తెల్లగా ఉంది. అక్కడక్కడా ఒకటో రెండో తప్ప చుక్కలన్నీ ఒకేచోట, తొంభై ఐదో మీటరు దగ్గర, ఒలికిన పంచదార చుట్టూ చీమల్లా మూగి ఉన్నాయి.

 గోడ దగ్గర ఎవరూ ఆగలేదు. తన దగ్గర ఆగారు. నిండుగా ఉన్న వీధుల్లో తను ఎవరికీ కనపడలేదు, నిజమే. అక్కడ చూడడానికి వెయ్యి ఉన్నాయి. ఏమీ లేని గోడ ముందు చూడడానికి తనొక్కతే ఉంది. నూట తొంభై మీటర్ల వెలితిని ఒక మడతస్టూలూ, దానిమీద మాట సరిగా కలపని ఒక యాభై రెండేళ్ల మనిషీ పన్నెండు రోజుల్లో పావు వంతు నింపేశారు. ఇంత చిన్నదానికి జనం ఇంతగా మొహం వాచి ఉన్నారా అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

"సార్, రాయకండి. ఈ లెక్క తప్పు" అంది.

"ఎక్కడ? కూడికలు చూశానుగా."

"కూడిక తప్పు కాదు. నేను తప్పు. నన్ను నేనే లెక్కపెట్టుకొచ్చాను."

ఇంజనీరు కలం కింద పెట్టాడు. పటాలు చూశాడు. అర్థమయ్యాక ఆయనకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "అక్కా, ఇది బయటికి చెబితే ఏమవుతుందో తెలుసా? మీ ఇల్లు అక్కడ. లెక్క మీకు కావలసినట్టు రాలేదు కాబట్టి తప్పంటున్నారని దుకాణం వాళ్లు అంటారు. మీ ఫైల్లో మొదటిసారి ఎర్రసిరా పడుతుంది."

"అంటారు. పడుతుంది."

ఆ సాయంత్రం భర్త కూడా అదే అన్నాడు. "చూడవోయ్, ఇంకో ఆరేళ్లలో రిటైరవుతావు. చివర్లో ఈ మచ్చ ఎందుకు? కావాలంటే పెద్దమ్మను రోజూ నేను డ్యూటీకి వెళ్లేటప్పుడు లైబ్రరీ దగ్గర దింపేసి వెళ్తాను."

"నేనేమన్నా గ్యాస్ బండనా, దింపిపోవడానికి?" అంది పెద్దమ్మ లోపలి గదిలోంచి. చెవులకు ఆవిడకు ఏ జబ్బూ లేదు.

లెక్కలక్క మనసులో వేసుకున్న లెక్క వేరు. నోరు మూసుకుంటే గోడ శాశ్వతం. తను స్టూలు వేసుకుని జీవితాంతం అక్కడ కూర్చోవడం కుదరదు. డ్యూటీ అయిపోయి రెండు రోజులే అయింది. పెద్దమ్మ ఈ రెండు రోజులూ గుమ్మం దాకా వచ్చి, గోడ పొడుగునా చూసి, లోపలికి వెళ్లిపోయింది.

విచారణ డిప్యూటీ కమిషనరు గదిలో జరిగింది. ఆ అధికారిణికి మాట తక్కువ, చూపు ఎక్కువ. దుకాణం మేనేజరు ఇస్త్రీ మడత నలగకుండా కూర్చున్నాడు.

"మేడమ్, లెక్క మీవాళ్లదే, మనిషి మీ మనిషే. జనం ఆగుతున్నారని అంకెలే చెబుతున్నాయి. ఇప్పుడు ఆ మనిషే కాదంటే ఎలా? ఆవిడ ఇల్లు అక్కడే అని మాకూ తెలుసు."

డిప్యూటీ కమిషనరు లెక్కలక్క వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

"ఆయన అన్నది నిజమే మేడమ్. ఇల్లు అక్కడే. అందుకే మళ్లీ నేను లెక్కపెట్టను. పక్క డివిజన్ నుంచి ఎవరినైనా పంపండి. వీధిలో కూర్చోబెట్టకండి. చివర లైబ్రరీ మేడమీద కిటికీ ఉంది, అక్కణ్ణుంచి మొత్తం కనిపిస్తుంది. నేను ఆ వీధిలో అడుగు పెట్టను. అప్పుడు కూడా నూటికి ఇద్దరు ఆగితే, గోడ ఉంచేయండి. నా మీద ఏం రాయాలో రాయండి."

మేనేజరు తెలివైనవాడు. "పోనీ మేడమ్, కుర్చీ వల్లే ఆగుతున్నారంటే మేమే ఒక కుర్చీ వేయిస్తాం. మంచిది, సిమెంటుది. దానితో సరిపోతుందిగా?"

"కుర్చీ ఒక్కటే వేస్తే చాలదండీ, అందులో నన్ను కూడా వేయించాలి" అంది లెక్కలక్క.

డిప్యూటీ కమిషనరు నవ్వలేదు గాని, కాగితం మీద ఏదో రాసుకుంటూ కాస్త ఎక్కువసేపు తల దించుకుంది. ఆరు ఉదయాలు మళ్లీ లెక్క తీయమంది. ఆ తర్వాత మూడు ఉదయాలు ఖాళీ స్టూలు వేసి చూడమంది.

పక్క డివిజన్ నుంచి బట్టతల ఆయన ఒకడు వచ్చాడు. ఆరు రోజులు లైబ్రరీ మేడమీద కిటికీ వెనక కూర్చున్నాడు. లెక్కలక్క ఆ తొమ్మిది రోజులూ వెనక సందులోంచి చుట్టు తిరిగి ఆఫీసుకు వెళ్లింది. దారిలో ఎనిమిది మలుపులు, మూడు చిన్న ఎత్తుపల్లాలు, ఒక పాత ఇంటి అరుగు. గోడ దారి కంటే రెండింతలు దూరం. ఆవిడకు అది దూరంగా అనిపించలేదు. కొలిచిచూసుకుని మరీ ఆశ్చర్యపోయింది: నాలుగువందల పది మీటర్లు.

ఆరు ఉదయాలకి మూడువేల ఎనిమిదివందల నలభై మంది వెళ్లారు. ఆగినవాళ్లు ఇరవై మంది. కుట్టుపనావిడ బస్సుకి పది నిమిషాలున్నా ఆగలేదు, బస్టాపుకి వెళ్లి ఎండలో నిలబడింది. మాస్టారు మొదటిరోజు తొంభై ఐదో మీటరు దాకా వచ్చి, ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగిపోయాడు. పై నుంచి చూసిన బట్టతల ఆయన ఆ తర్వాత లెక్కలక్కతో చెప్పాడు. "అక్కా, ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను గాని మేడమీదనుంచి ఎప్పుడూ చూడలేదు. గోడ మొదలవగానే ఒక్కొక్కరూ తాడు కట్టి లాగినట్టు వేగం పెంచుతున్నారు. గోడ అయిపోగానే వదిలేసినట్టు మెల్లబడుతున్నారు. ఒక్కరు కాదు, అందరూ. ముసలివాళ్లూ అంతే, కుర్రాళ్లూ అంతే. నాకు ఒళ్లు జలదరించింది."

ఖాళీ స్టూలు వేసిన మొదటిరోజు తొమ్మిదిమంది ఆగారు. స్టూలు ఎవరిదో అని చూసి, అటూ ఇటూ వెతికి వెళ్లారు. రెండోరోజు ఏడుగురు. మూడోరోజు స్టూలే లేదు, ఎవరో ఎత్తుకుపోయారు. మేనేజరు కుర్చీ మాట మళ్లీ ఎత్తలేదు.

నిర్ణయం మూడు వారాలకు వచ్చింది. గోడ తెరవాలి. అయితే గోడకు ఆనుకుని లోపల మూడింట రెండు వంతులు సరుకుల గిడ్డంగి ఉంది, దాన్ని కదపడానికి దుకాణానికి ఏడాదిన్నర గడువు ఇచ్చారు. ముందు ఈ చివర, లెక్కలక్క ఇంటివైపు, అరవై మీటర్లు తెరవాలన్నారు. లెక్కలక్క ఫైల్లో ఎర్రసిరా పడింది: పద్ధతి లోపం వల్ల లెక్క రద్దు. కింద డిప్యూటీ కమిషనరు చేతిరాతతో ఇంకొక వాక్యం ఉంది: లోపాన్ని ఉద్యోగే స్వయంగా తెలియజేశారు. రెండింటిలో ఏది ముందు చదవాలో భర్తకు తెలియలేదు.

గోడ కొట్టడానికి ఐదు నెలలు పట్టింది. అరవై మీటర్లలో ఎనిమిది గుమ్మాలు వచ్చాయి. పాత ఇరవై రెండు మందిలో తిరిగి వచ్చింది ఇద్దరే, తాళాలవాడూ ఇస్త్రీ అతనూ. మిగిలినవన్నీ కొత్త ముఖాలు: ఫోన్లు బాగుచేసే అమ్మాయి, చెప్పులు కుట్టే ఆయన, పాత పుస్తకాల దుకాణం, ఇంకా రెండు ఖాళీగా ఉన్నాయి. ఎనిమిదో గుమ్మంలో టీ కొట్టు.

పెద్దమ్మ మొదటిరోజు తాళాలవాడి దాకా వెళ్లి వచ్చింది. రెండో వారానికి ఫోన్ల అమ్మాయి పెళ్లి ఎందుకు తప్పిపోయిందో ఇంట్లో అందరికీ తెలిసింది. ఇప్పుడు రోజూ టీ కొట్టు దాకా వెళ్లి, బల్లమీద కూర్చుని, అక్కడికి వచ్చే పేపరు చదివి తిరిగి వస్తోంది. టీ కొట్టు దాటాక గోడ మళ్లీ మొదలవుతుంది. ఆవిడ అక్కడ నిలబడి అటు చూస్తుంది, అంతకు మించి వెళ్లదు.

"గిడ్డంగి ఎప్పుడు ఖాళీ చేస్తారటే?" అని నిన్న అడిగింది.

"ఇంకో పదమూడు నెలలు పెద్దమ్మా."

"ఉంటాలే" అంది.

టీ కొట్టు నుంచి లైబ్రరీకి నూట ముప్పై మీటర్లు.